రిమ్ము ఒప్పుకుంటేనే వెడల్పు టైరు



ఈసారి మినుము గురించీ కాదు, ఎరువుల ధర గురించీ కాదు. పాత జీపుకి వెడల్పు టైర్లు వేయించుకోవచ్చా, వేయించుకుంటే ఎంత వెడల్పువి వేయించుకోవాలి అన్న సంగతి రాస్తున్నాను. ఇదేం రైతు విషయం అనుకోకండి. మన ఊళ్ళలో ఇంకా చాలా కొట్టాల్లో పాత జీపులున్నాయి. కొందరి వాకిళ్ళలో అంబాసిడర్లున్నాయి, ఒకటీ అరా ప్రీమియర్ పద్మినీలు కూడా ఉన్నాయి. నిన్నటిదాకా కోళ్ళు గుడ్లు పెట్టుకున్న బళ్ళని ఇప్పుడు పిల్లలు దుమ్ము దులిపి, రంగులేయించి బయటికి తీస్తున్నారు. సంతోషమే. కానీ రంగు తర్వాత అందరూ పట్టుకునేది టైర్లనే. లావు టైర్లు వేస్తే బండికి అందం, బలం అంటున్నారు. అందం ఎవరి కంటికి వాళ్ళది. బలం సంగతి మాత్రం కొంచెం లెక్క చూసుకుని మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఆ బండిలో కూర్చునేది మన ఇంటివాళ్ళే.

మాది దివిసీమ. మా నాన్న 1984లో వేలంలో కొన్న సి.జె. మోడలు జీపు మా ఇంట్లో ఉంది. డీజిల్ బండి, ఫోర్ వీల్. నాన్న పోయి 11 ఏళ్ళయింది. ఆ జీపు ఇప్పటికీ విత్తనం బస్తాలు మోస్తుంది, కాలువ గట్టు మీద కూలీలను దింపుతుంది, నెలకోసారి మా అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి వెళ్తుంది. అమ్మకు మోకాళ్ళు పనిచెయ్యవు. ఆటో ఎక్కాలంటే ఒంగాలి, జీపులోకైతే పక్కనుంచి పట్టుకుని ఎక్కించొచ్చు. కాబట్టి మా ఇంట్లో అది చూసుకుని మురిసిపోయే బండి కాదు, రోజూ పనిచేసే బండి.

పోయిన సంక్రాంతికి మా తమ్ముడి కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. కంప్యూటర్ ఉద్యోగం. మూడు రోజులూ జీపు చుట్టూనే తిరిగాడు. నాలుగో రోజు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. "పెదనాన్నా, ఈ పాత రిమ్ములు తీసేసి అల్లాయ్ వీల్స్ వేద్దాం. 235 టైర్లు. డబ్బులు నేను పెట్టుకుంటా, నువ్వేం చూసుకోనక్కర్లేదు" అన్నాడు. మొత్తం లక్షకు దగ్గర తేలింది. ఆ రాత్రి మా తమ్ముడు ఫోన్ చేసి, "వాడు ఇన్నాళ్ళకి ఊరి వస్తువు మీద మనసు పెట్టాడు, కాదనకు అన్నయ్యా" అన్నాడు.

మీలో చాలామందికి ఇలాంటి ఫోన్ వచ్చే ఉంటుంది. నా తర్వాత ఈ జీపును చూసేవాడు వాడొక్కడే. మా ఇంట్లో ఇంకెవరికీ దాని మీద ఆసక్తి లేదు. గట్టిగా వద్దంటే వాడు మళ్ళీ దాని జోలికి రాడు, నా తర్వాత అది పాత ఇనుముకి పోతుంది. సరే అంటే నాన్న చేత్తో నట్లు బిగించిన చక్రాలు పోతాయి, వాటితో పాటు బండి నడక కూడా మారిపోతుంది. అందుకని అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ముందు టేపు పట్రా, ఈ చక్రం ఎంత టైరుని మోయగలదో చూద్దాం" అన్నాను. ఆ రోజు మేమిద్దరం కూర్చుని చూసుకున్న లెక్కే మీకు రాస్తున్నాను.

మొదట టైరు మీద అంకెలు చదవడం నేర్చుకోవాలి. మన పాత జీపు టైరు మీద 6.00-16 అని ఉంటుంది. 6.00 అంటే టైరు వెడల్పు, అంగుళాల్లో. 16 అంటే టైరు కూర్చునే రిమ్ము అడ్డకొలత, అదీ అంగుళాల్లోనే. మధ్యలో గీత ఉంటే మనం నైలాన్ టైరు అనే పాత రకం. గీత చోట ఆర్ అక్షరం ఉంటే రేడియల్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపుకి ఇదే 6.00-16 టైరు. 1947 నుంచి మహీంద్రా వాళ్ళు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది కూడా ఆ విల్లీస్ జీపునే. మన జీపు చక్రం ఆ వంశానిది. అంబాసిడర్‌కి 5.90-15, పద్మినీకి 5.20-14 వచ్చేవి. అంకెలు వేరైనా చదివే పద్ధతి ఒకటే.

కొత్త రకం టైరు మీద 235/75ఆర్15 లాగా ఉంటుంది. 235 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో 75 శాతం పక్క గోడ ఎత్తు. 15 రిమ్ము అంగుళాలు. ఇక్కడే మొదటి మెలిక ఉంది. మన రిమ్ము 16, ఆ టైరు 15. అంటే అది మన రిమ్ముకి అసలు ఎక్కదు. రిమ్ము మార్చి తీరాలి. మావాడికి ఇది తెలిసే అల్లాయ్ అన్నాడు.

రెండోది రిమ్ము వెడల్పు. ఇది చాలామంది చూడరు. 16 అంగుళాల రిమ్ముకి 16 అంగుళాల టైరు ఏదైనా పడుతుంది అనుకుంటారు. ఎక్కించడానికి ఎక్కుతుంది, ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. జీపు రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు. టేపు పెట్టి కొలిచేటప్పుడు రిమ్ము బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవకండి, దాదాపు ఒక అంగుళం ఎక్కువ చూపిస్తుంది. టైరు అంచు ఎక్కడ కూర్చుంటుందో అక్కడ, రెండు చెవుల లోపలి వైపు నుంచి లోపలి వైపుకి కొలవాలి. దీనికి టైరు విప్పాలి. పంచరు వేయించేటప్పుడు పది నిమిషాల పని. కొన్ని రిమ్ముల మీద 4.50ఇ అని అచ్చు కూడా కొట్టి ఉంటుంది, తుప్పు గీకితే కనపడుతుంది.

ప్రతి టైరు సైజుకీ ఇన్ని అంగుళాల నుంచి ఇన్ని అంగుళాల రిమ్ము మీదే వాడాలని టైరు కంపెనీల పట్టికల్లో ఉంటుంది. మనకు పనికొచ్చే నాలుగు చెప్తాను. 6.00-16 టైరుకి 4 గానీ 4.5 గానీ సరిపోతుంది. 6.50-16కి 4.5 నుంచి 5.5. 7.00-16కి సరైనది 5.5, తక్కువలో తక్కువ 5 ఉండాలి. మావాడు చెప్పిన 235/75ఆర్15కి 6 నుంచి 8. ఇప్పుడు మీరే చూడండి. నాలుగున్నర రిమ్ము మీద 6.00 కూర్చుంటుంది, 6.50 కూర్చుంటుంది. 7.00 కూర్చోకూడదు. అయినా మన చుట్టుపక్కల ఎన్ని జీపులకి పాత రిమ్ము మీదే 7.00 టైర్లున్నాయో మీకు తెలుసు.

కూర్చోకూడని టైరు కూర్చుంటే ఏమవుతుంది? గోనె సంచి నిండా ధాన్యం పోసి మూతి బిగించి కట్టండి. మూతి దగ్గర సన్నబడి, నడుం దగ్గర ఉబ్బుతుంది. టైరు కూడా అంతే. కింద అంచులు దగ్గరికి నొక్కుకుపోతాయి, పక్క గోడలు బయటికి ఉబ్బుతాయి, నేలకి ఆనే పట్టా నడిమధ్య గుండ్రంగా లేస్తుంది. అప్పుడు మనం డబ్బులు పెట్టి కొన్న వెడల్పు నేలకి ఆనదు. మధ్యలో మాత్రమే ఆని, మధ్యలోనే అరుగుతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది మలుపులో ఉంది. రిమ్ము ఒకచోట, పట్టా ఒకచోట ఉండి మధ్యలో గోడ అటూ ఇటూ వూగుతుంది. స్టీరింగ్ తిప్పాక బండి ఒక క్షణం ఆగి తిరిగినట్టు ఉంటుంది. గాలి తక్కువున్న రోజు గట్టిగా మలుపు కొడితే అంచు రిమ్ము నుంచి జారే ప్రమాదం కూడా ఉంది. కాలువ గట్టు మీద, ఒక పక్క నీళ్ళూ ఒక పక్క పల్లమూ ఉన్నప్పుడు ఆ ఒక్క క్షణం ఎంత ఖరీదో నేను చెప్పనక్కర్లేదు.

"సరే పెదనాన్నా, రిమ్ము కూడా మారుద్దాం, అప్పుడు ఈ బాధ లేదుగా" అన్నాడు మావాడు. న్యాయమైన ప్రశ్నే. వెడల్పు రిమ్ము, దానికి తగ్గ వెడల్పు టైరు వేస్తే టైరుకి బాధ లేదు. బాధ బండికి మొదలవుతుంది. మన జీపుకి పవర్ స్టీరింగ్ లేదు. టైరు లావయ్యే కొద్దీ నిలబడ్డ చోట తిప్పడం బరువవుతుంది. ఆ బరువంతా స్టీరింగ్ పెట్టె మీదా, కింగ్ పిన్ బేరింగుల మీదా పడుతుంది. వెడల్పు టైరు పూర్తిగా తిప్పినప్పుడు లోపలి వైపు కమాన్ కట్టకి రాసుకుంటుంది. రాసుకోకుండా చక్రాన్ని బయటికి జరిపితే, చక్రం బేరింగుల మీద బరువు బయటికి జరిగి అవి తొందరగా పోతాయి. చేతికి అందినంత దూరంలో బస్తా పట్టుకోవడానికీ, గుండెకి ఆనించి పట్టుకోవడానికీ ఎంత తేడానో ఇదీ అంతే. టైరు ఎత్తు పెరిగితే బ్రేకు మీద కూడా పడుతుంది. డ్రమ్ము అంతే ఉండి చక్రం పెద్దదైతే, ఆపడానికి కాలు ఇంకా గట్టిగా వెయ్యాలి. ఉదాహరణకి 6.00-16 నుంచి 7.00-16కి పోతే చక్రం అడ్డకొలత నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది. మీటరు 50 చూపిస్తుంటే బండి 53 దాకా పోతుంటుంది. బరువు లాగేటప్పుడు ఇంజిను ఆ మేరకి నీరసపడుతుంది కూడా.

ఇప్పుడు అసలు మాట. వెడల్పు టైరు వేస్తే నేల మీద పట్టు చాలా పెరుగుతుందని అందరం అనుకుంటాం. ఒక చిన్న లెక్క చూడండి. ఖాళీ జీపు ఇంచుమించు ఒక టన్ను అనుకుంటే ఒక్కో చక్రం మీద 250 కిలోలు. టైర్లో 25 పౌండ్ల గాలి ఉందనుకోండి, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు పావు తక్కువ రెండు కిలోలు, పుస్తకం లెక్కలో 1.75. 250ని 1.75తో భాగిస్తే 143. ఆ చక్రం నేలకి ఆనే చోటు ఇంచుమించు 143 చదరపు సెంటీమీటర్లు, వేళ్ళు దగ్గరగా పెట్టి చెయ్యి పరిస్తే ఎంతో అంత. ఈ లెక్కలో టైరు వెడల్పు ఎక్కడా రాలేదు, చూశారా? బరువూ, గాలీ మాత్రమే ఉన్నాయి. టైరు గోడ బిగువు వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ పెద్ద లెక్క ఇదే. అదే గాలితో వెడల్పు టైరు వేస్తే నేలకి ఆనే చోటు అడ్డంగా పెరిగి పొడవులో తగ్గుతుంది, మొత్తం పెద్దగా మారదు. వెడల్పు టైరుతో లాభం ఎప్పుడంటే, అందులో గాలి తక్కువ పెట్టుకున్నా బరువు మోస్తుంది కాబట్టి. అంటే పట్టు ఇచ్చేది రబ్బరు కాదు, తగ్గించిన గాలి.

ఇది మనకు కొత్త కాదు. ట్రాక్టరు వెనక టైర్లో పొలంలోకి దిగేటప్పుడు 12, 14 పౌండ్లే ఉంచుతాం. రోడ్డు మీద ట్రక్కు లాగేటప్పుడు ఎక్కించుకుంటాం. జీపు దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి మర్చిపోయి టైరు మార్చడానికి పోతున్నాం.

మావాడికి ఇసక మీద పోవాలని సరదా. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళేవాళ్ళకి ఆ సముద్రపు ఇసక తెలుసు. అక్కడ వెడల్పు టైరు, తక్కువ గాలి ఉన్న బండి తేలుతూ పోతుంది, ఆ మాట నిజమే. కానీ మన సన్న టైర్లోనే గాలి 25 నుంచి 15కి దించితే 250ని 1.05తో భాగించాలి, 238 వస్తుంది. 143 ఉన్నది 238 అయింది. రూపాయి ఖర్చు లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ట్యూబు టైర్లో గాలి మరీ దించి గట్టిగా తొక్కితే టైరు రిమ్ము మీద జరిగి ట్యూబు నాజిలు కోసుకుపోతుంది. అందుకని నెమ్మదిగా పోవాలి, బరువు లేకుండా పోవాలి, గట్టి రోడ్డు ఎక్కిన వెంటనే గాలి ఎక్కించుకోవాలి. గాలి పంపు బండిలోనే ఉండాలి.

ఇక మన నల్లరేగడి బురద. ఇక్కడ ఇసక లెక్క తిరగబడుతుంది. ఎద్దుబండి కొయ్య చక్రం ఇనప పట్టా ఎంత సన్నగా ఉండేదో గుర్తుందా? పైన జానెడు బురద ఉన్నా దాన్ని కోసుకుంటూ దిగి కింద గట్టి నేల పట్టుకునేది. మన డొంకల్లో పైన బురద, కింద గట్టి నేల ఉన్నచోట సన్న టైరు అలాగే పనిచేస్తుంది. వెడల్పు టైరు పైనే తేలి, కాలవల్లో మట్టి నింపుకుని, నున్నటి రోకలిలాగా తిరుగుతుంది. వాన పడ్డ తారు రోడ్డు మీద కూడా అంతే. సన్న టైరు నీటిని పక్కలకి తోసేసి నేలని అందుకుంటుంది. వెడల్పుది నీటి పొర మీదికి త్వరగా ఎక్కుతుంది. అడుగు తెలియని దిగబడే నేలలో మాత్రం ఏ టైరూ ఏమీ చెయ్యదు, దానికి ట్రాక్టరే రావాలి.

ఇంకో మాట, ఇది ముఖ్యంగా మన రైతుల కోసం. ట్రాక్టరు ముందు టైరు సైజు కూడా 6.00-16 ఉంటుంది, 6.50-16 కూడా ఉంటుంది. ఇంట్లో అరిగీ అరగని ట్రాక్టరు ముందు టైర్లుంటే జీపుకి ఎక్కించేసేవాళ్ళున్నారు. సైజు సరిపోతుంది, రిమ్ము మీద చక్కగా కూర్చుంటుంది. కానీ ఆ టైరు పక్కన ఎ6 అనో ఎ8 అనో ఉంటుంది చూడండి. ఎ6 అంటే గంటకి 30 కిలోమీటర్లు, ఎ8 అంటే 40. అంతకన్నా వేగానికి అది తయారు కాలేదు. దాని మీద మూడు నిలువు గట్లు ఉండేది ట్రాక్టరు ముందు భాగం పక్కకి జారకుండా తిరగడానికి. ఇంజిను బలం నేలకి దింపడానికి కాదు. పొలానికీ ఇంటికీ మధ్య అయితే ఏదోలా నడుస్తుందేమో గానీ, పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద 60లో పోవడానికి అది టైరు కాదు. కొనేటప్పుడు "జీపు టైరు కావాలి" అని నోటితో చెప్పి, పక్కన అక్షరాలు కంటితో చూసుకోండి.

ఫోర్ వీల్ బండి వాళ్ళకి ఇంకొకటి. వెనక లావు టైర్లు, ముందు సన్న టైర్లు వేసి చూడ్డానికి బాగుందనుకోవద్దు. ముందు చక్రం చుట్టుకొలతా వెనక చక్రం చుట్టుకొలతా ఒకటి కాకపోతే, ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో గేరు పెట్టె నలిగిపోతుంది. లివరు బయటికి రానంత బిగుసుకుపోతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి. స్టెప్నీ కూడా అదే. ఒకే ఇరుసుకి ఒక పక్క నైలాన్, ఒక పక్క రేడియల్ అసలు వెయ్యకూడదు. పాత రిమ్ముకి రేడియల్ వేస్తే రేడియల్ ట్యూబే వెయ్యాలి. ట్యూబులెస్ అని ఆశపడకండి, అలాంటి రిమ్ముల్లో ట్యూబులెస్ టైరు అంచుని పట్టి ఉంచే చిన్న గట్టు ఉండదు.

కొందరు పాత రిమ్ముని మధ్యలో కోయించి, ఇనప పట్టీ వేసి వెల్డింగ్ చేయించి వెడల్పు చేస్తున్నారు. కరువులో కాడి విరిగితే అతుకేసుకున్నాం, నాగలికి అతుకేసుకున్నాం, నేను అతుకులకి వ్యతిరేకిని కాదు. కానీ తిరిగే చక్రానికి, అందులోనూ ముందు చక్రానికి అతుకు వద్దు. వెల్డింగ్ చీలితే ముందుగా చెప్పదు. చట్టం కూడా గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పాత బండి కాగితాలు 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి కదా, అప్పుడు బండిని తీసుకెళ్ళి చూపించాల్సిందే. అక్కడ నిలబడి సమాధానం చెప్పాల్సింది మనం, వెల్డింగ్ షాపువాడు కాదు.

ఇవన్నీ ఒక పూటలో తేలలేదు. మావాడు ఫోన్లో వెతుకుతూ, నేను టేపు పట్టుకుని, మధ్యలో అమ్మ కాఫీ కోసం కేకలేస్తూ రెండు రోజులు పట్టింది. వాడు ఒక్కో లెక్కా కాయితం మీద వేసి చూశాడు. 143 లెక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. నమ్మకం కలక్క, టైరు కింద కాయితం పెట్టి, జాకీతో దింపి, మసి అచ్చు తీసి కొలిచాడు. అచ్చు కొంచెం అటూ ఇటూగా అంతే వచ్చింది. ఆ అచ్చు కాయితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు.

చివరికి మేం చేసింది ఇది. నాన్న నాటి రిమ్ములు ఐదూ ఉంచాం. తుప్పు గీకించి, నట్టు రంధ్రాలు సాగాయా, పగుళ్ళున్నాయా అని దీపం పెట్టి చూశాం. ఒక దానికి అంచు వంగి ఉంటే దాన్ని పక్కన పెట్టి, అదే కొలత పాత రిమ్ము ఒకటి తెచ్చాం. ఐదింటికీ 6.50-16 టైర్లు తీసుకున్నాం, రోడ్డు మీద నడిచే రకం. మన రిమ్ము ఒప్పుకునే వెడల్పు అంతే. అర అంగుళం పెరిగింది, చక్రం అడ్డకొలత ఓ రెండు సెంటీమీటర్లు. పట్టణంలో మొదటి రెండు షాపుల్లో లేవన్నారు, 7.00 తీసుకోండి అన్నారు. మూడు వారాలు ఆగాం. ఎక్కించాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, కమాన్ కట్టకీ టైరుకీ మధ్య వేలు పెట్టి చూశాం. వెనక నాలుగు బస్తాలు వేసి మళ్ళీ చూశాం. ఎక్కడా తగల్లేదు.

మీరు వేయించుకున్నాక ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. టైరు పట్టా మీద అడ్డంగా సుద్దముక్కతో లావు గీత గీయండి. కల్లం సిమెంటు గచ్చు మీద తిన్నగా పది గజాలు నడపండి. గీత పట్టా అంతా సమానంగా చెరిగితే గాలి సరిగ్గా ఉంది, రిమ్ము కూడా సరిపోయింది. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువైంది, తగ్గించి చూడండి. బరువుకు కావలసినంత గాలి ఉంచి కూడా మధ్యలోనే చెరుగుతుంటే టైరు రిమ్ముకి లావైనట్టే. రెండు అంచులే చెరిగితే గాలి చాలలేదు.

కొనేటప్పుడు టైరు వయసు కూడా చూడండి. పక్కన చివర నాలుగు అంకెలుంటాయి. 3223 అని ఉంటే 2023లో 32వ వారం తయారైంది. పాత బండి సైజులు తక్కువ అమ్ముడవుతాయి కాబట్టి షాపులో ఏళ్ళ తరబడి మూల పడి ఉంటాయి. రబ్బరు నిలవ ఉంటే గింజలాగే సత్తువ పోతుంది. పట్టా లోతు ఎంతున్నా గోడ మీద సన్న బీటలుంటే వద్దనండి. అరిగిపోయిన టైరుకి చట్టం పెట్టిన హద్దు 1.6 మిల్లీమీటర్లు, మన వానల్లో అంతదాకా ఆగకుండా మార్చుకోవడం మంచిది.

చూడ్డానికి ఎలా ఉందంటారా? ఫోన్‌లో మావాడు చూపించిన బొమ్మలాగా లేదు. నిండుగా, ఒద్దికగా ఉంది. తెలిసినవాడు చూస్తే టైరు మారిందంటాడు, తెలియనివాడు చూస్తే బండి కడిగారా అంటాడు. మావాడికి కొంచెం వెలితిగానే ఉంది, ఆ మాట దాచను. మిగిలిన డబ్బుతో బ్రేకు షూలు, బ్రేకు పైపులు, నాలుగు చక్రాల బేరింగులు మార్పించమన్నాను. "ఇవేవీ బయటికి కనపడవు కదా పెదనాన్నా" అన్నాడు. "నాయనమ్మకి కనపడతాయిరా, ఆవిడ ముందు సీట్లో కూర్చుంటుంది" అన్నాను. మార్పించాడు. ఉగాదికి వచ్చినప్పుడు వాడే తోలుకుంటూ అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను.

మీ పిల్లలు కూడా పాత బండికి లావు టైర్లు వేద్దాం అంటే కసురుకోకండి, వెంటనే తలూపకండి. టేపు చేతికిచ్చి రిమ్ము కొలవమనండి. పాత బండి మీద సరదా పుట్టిన పిల్లలు మనకి దొరకడమే కష్టంగా ఉంది. మీ రిమ్ము కొలత, ఇప్పుడున్న టైరు మీది అంకెలు, బండి ఫోర్ వీలా కాదా, ఎక్కువగా ఏ నేల మీద తిరుగుతుంది, ఈ నాలుగూ ఒక కాయితం మీద రాసి బండి పెట్టెలో పెట్టుకోండి. షాపుకి ఆ కాయితం పట్టుకుని వెళ్ళండి. అంకెలు మన చేతిలో ఉంటే, ఉన్న సరుకుని అంటగట్టడం ఎవరివల్లా కాదు.

వానాకాలం ముందే చూసుకోండి. ఉంటాను.